ఆ ఇంటి కప్పు ఎవరు కప్పారు?

పేటలో ఏ పెంకుటిల్లు కారినా జనం ముందు మేస్త్రికే కబురు పెట్టేవారు. "ఆకాశం కారితే దేవుణ్ణి అడగండి, కప్పు కారితే నన్ను అడగండి" అని జబ్బలు చరుచుకుని తిరిగిన మనిషి ఆయన. పిల్లి నడిచిన చోటల్లా తానూ నడుస్తానని పందేలు కాసేవాడు. అలాంటివాడు పడితే ఎక్కడ పడాలి చెప్పండి? చర్చి కప్పు మీంచే పడ్డాడు. ఆదివారం ఆరాధన జరుగుతుండగా నెత్తిన ఒక్క వాన చుక్క పడిందని, పాట పూర్తి కాకుండానే లేచిపోయి నిచ్చెన వేశాడు. పాచి పట్టిన పెంకు మీద కాలు జారింది. జనమంతా అప్పుడే బయటికొస్తున్నారు. పట్టపగలు, పదిమంది కళ్లెదుట, పైన కొప్పు దగ్గర్నుంచి కింద చూరు దాకా జర్రున జారి పూలమడిలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది. పూలమొక్కలూ విరిగాయి, వాటి బాగోగులు మాత్రం ఎవరూ అడగలేదు.

కట్టు కట్టారు, కట్టు విప్పారు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి సంతోషపడ్డాడు. "ఎముక చక్కగా అతికింది. ఇక లేచి కాలు మోపాలి. ఇప్పుడు గనక మోపకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు, జన్మంతా కర్రే గతి" అన్నాడు. మేస్త్రి బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, బుద్ధిగా పడుకున్నాడు. నొప్పి అన్నాడు. నిజానికి నొప్పేం లేదు. ఒక్కసారి మంచం దిగి కాలు నేల మీద పెట్టబోతే, పాదం కింద ఆ పాచి పెంకు మళ్లీ కదిలినట్టయింది. అంతే, ఒళ్లంతా చెమట పట్టింది. భయం వేసింది ఆయనకి. కప్పుల మీద పిల్లిలా తిరిగినవాడికి తన ఇంటి గచ్చు మీద నిలబడాలంటే భయం. ఆ మాట చెప్పుకోవడం కన్నా కాలు బిగుసుకుపోవడమే నయమనుకున్నాడు.

ఆవిడకి తెలుసు. భార్యలకి తెలియనిదేముంది? లాండ్రీలో రోజంతా ఇస్త్రీ పెట్టె తోసే మనిషి, ఏ మడత ఎక్కడ పడిందో చూడగానే పట్టేస్తుంది. అయినా పైకి అనలేదు. అంటే ఈయన ఇల్లు పీకి పందిరేస్తాడు.

పోనీ చూడ్డానికి వచ్చినవాళ్లయినా ఊరుకున్నారా? పడ్డ కొత్తలో చర్చివాళ్లు సాయంత్రమయ్యేసరికి మంచం చుట్టూ మూగేవారు. "మీ కోసం ప్రార్థన చేస్తున్నాం మేస్త్రీ" అనేవారు. తల మీద చేతులు పెట్టేవారు. కళ్లు మూసుకుని ఆమెన్ అని, కళ్లు తెరవగానే "అయ్యో, ఎలాంటి మనిషి ఎలాగైపోయాడు" అని నిట్టూర్చి, టీ తాగి వెళ్లేవారు. ఆ టీ పెట్టేది ఎవరు? పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చిన ఆవిడ. ఓ సాయంత్రం మేస్త్రి తల మీంచి చేతులన్నీ విదిలించి, "నేనింకా చావలేదు. నా కోసం ప్రార్థన చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు? పొండి!" అని గావుకేక పెట్టాడు. ఆ మర్నాటి నుంచి ఆవిడ పనికి పోతూ బయట తాళం వేసుకుపోవాలని హుకుం. కిటికీ కూడా మూయాలి. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

అలా మూసిన గదిలో వెల్లకిలా పడుకుని చూడ్డానికి ఏముంటుంది? కప్పు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని లోకం తిడుతుంది గానీ, పాపం మేస్త్రి తన ఇంటి వాసాలు తానే లెక్కపెట్టుకున్నాడు. లెక్కపెట్టి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

అసలు ఈ ప్రార్థనలవాళ్ల మీద ఆయనకి కోపం నిన్నా మొన్నటిది కాదు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో మొదలైంది. పక్షవాతంతో పడిపోయిన ఓ మనిషిని నలుగురు మిత్రులు పరుపుతో సహా మోసుకుని యేసు ప్రభువు దగ్గరికి తెస్తారు కదా. ఇంటి నిండా జనం, గుమ్మంలో కాలు పెట్టే సందు లేదు. వాళ్లు ఊరుకోక ఇల్లెక్కి, కప్పు విప్పి, పరుపుని తాళ్లతో లోపలికి దించుతారు. ప్రభువు ఆ నలుగురి నమ్మకం చూసి, పడుకున్నవాణ్ణి లేపి, పరుపెత్తుకుని ఇంటికి పొమ్మంటాడు. పంతులమ్మ ఆ కథ చెప్పగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఒక్కడు మాత్రం లేచి నిలబడి, "మరి ఆ ఇంటి కప్పు ఎవరు కప్పారండీ?" అన్నాడు.

"కూర్చో" అంది పంతులమ్మ.

కూర్చున్నాడు గానీ ప్రశ్న కూర్చోలేదు. వచ్చిన ప్రతి పాస్టరునీ అడిగాడు. ఒకాయన దానికి లోతైన అర్థం ఉందన్నాడు. ఇంకొకాయన గ్రంథంలో రాయని సంగతి మనకెందుకన్నాడు. "ఎందుకేమిటండీ! వీళ్లు నలుగురూ పుణ్యం కట్టుకుని పోయారు, రోగం నయమైనవాడు గంతులేసుకుంటూ పోయాడు. రాత్రికి వాన వస్తే ఇంటాయన గతేమిటి?" అనేవాడు మేస్త్రి. పెద్దయ్యాక ఆయన కప్పుల పనిలోకి దిగడానికి ఆ ప్రశ్నే కారణమని పేటలో నవ్వుకునేవారు. ఇప్పుడు మంచం మీద పడుకుని ఆయన తేల్చుకున్నది ఒకటే. ఇతరుల కోసం ప్రార్థన చేసేవాళ్లంతా ఇంతే, కప్పు పీకి పోతారు, తడిసేది ఇంటివాడు.

ఆ బడిలో, ఆ బల్ల మీద, ఆయన పక్కనే కూర్చుని పలక మీద పంతులమ్మ ముక్కు గీస్తున్న కుర్రాడు ఒకడుండేవాడు. వాడే ఇప్పుడు అందరూ బొమ్మలాయన అని పిలిచే మనిషి. చర్చి గోడల మీద బొమ్మలు వేయడం ఆయన పని. ఈ బొమ్మలాయనకి ఓ పిచ్చి ఉంది. కళ్లారా చూడనిది కుంచెతో ముట్టడు. యోనా చేప కడుపులో ఎలా ఉన్నాడో తెలియాలని ఒకసారి నీళ్ల పీపాలో కూర్చుని మూత పెట్టించుకున్నాడు. మూత పెట్టిన బస్సు డ్రైవరు, ఆయన స్నేహితుడే, టీ తాగడానికి వెళ్లి సంగతే మరిచిపోయాడు. ఆ యోనా మొహంలో కనపడే భయం చూసి ఇప్పటికీ జనం మెచ్చుకుంటారు.

ఆ ఏడు పాస్టరుగారు ఆయనకి చర్చి పక్క గోడంతా అప్పగించారు. తమ కోసం కాక పక్కవాళ్ల కోసం దేవుణ్ణి అడిగినవాళ్ల బొమ్మలు నాలుగు కావాలన్నారు. మొదటిది అబ్రాహాము. ఎవరిదో పాపిష్టి ఊరు కాలిపోబోతుంటే, పదిమంది మంచివాళ్లున్నా ఊరిని వదిలెయ్యమని దేవుడితోనే బేరం ఆడిన పెద్దమనిషి. దానికి బొమ్మలాయన మేస్త్రి బావమరిదిని నిలబెట్టాడు. రొట్టెల దుకాణం నడిపే ఆ బావమరిది పిండి బస్తాల దగ్గర బేరానికి దిగితే అమ్మేవాడు దండం పెట్టాల్సిందే. రెండోది మోషే. తనవాళ్లు యుద్ధంలో ఉంటే కొండ మీద చేతులెత్తి నిలబడ్డవాడు, చేతులు నొప్పెడితే ఇద్దరు చెరోవైపు పట్టుకున్నారట. దానికి ఆ బస్సు డ్రైవరు. జన్మంతా చేతులెత్తేవాళ్లని చూసినవాడు, ఈసారి తానే చేతులెత్తి నిలబడ్డాడు. "మోషే బస్సు ఆపుతున్నట్టున్నాడే" అన్నారు చూసినవాళ్లు. మూడోది, కూతురికి నయమయ్యేదాకా కదిలేది లేదని ప్రభువు వెంటపడ్డ పరాయి దేశపు తల్లి. దానికి దర్జీ అక్క. అందరికన్నా పెద్దది, పట్టుకుంటే వదలదు, ఆవిడకి బొమ్మ కోసం మొహం మార్చుకోవాల్సిన పనే పడలేదు.

నాలుగోది ఏమిటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆ గోడ భాగం మాత్రం సున్నంతో బోసిగా ఉండిపోయింది. కప్పులో చిల్లు పడితే కింద పడుకున్నవాడికి ఎలా కనపడుతుందో బొమ్మలాయన ఎప్పుడూ చూడలేదాయె. ఓ రోజు మేస్త్రి ఇంటి కిటికీ రెక్క లాగి తల దూర్చాడు.

"ఒరేయ్, నాలుగో బొమ్మకి పడుకున్నవాడి మొహం కావాలిరా. నీదైతే బాగుంటుంది."

"నా మొహం గోడకెక్కించావంటే ఆ గోడ కూల్చేస్తాను" అన్నాడు మేస్త్రి.

"కూల్చు. కూల్చడానికైనా లేచి రావాలిగా?"

మేస్త్రి చేతికందిన చెంబు విసిరాడు. బొమ్మలాయన తల వెనక్కి లాక్కున్నాడు. చెంబు వీధిలో పడి దొర్లింది, దాన్ని తెచ్చివ్వడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఓ పొద్దున మేస్త్రి భార్య పనికి బయలుదేరుతూ వింతగా ఇల్లు సర్దింది. బట్టల పెట్టె మీద పాత దుప్పటి కప్పింది. అన్నం గిన్నె మీద ఒకటి చాలదన్నట్టు రెండు పళ్లేలు బోర్లించింది. గోడనున్న అద్దం తీసి మంచం కింద పెట్టింది.

"ఏమిటే ఈ సర్దుడు? ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు మేస్త్రి అనుమానంగా.

"ఎవరొస్తారండీ తాళం వేశాక? దుమ్ము పడుతోంది, అందుకని" అని, ఆయన దిండు కాస్త గోడవైపు జరిపి, తాళం వేసుకుని వెళ్లిపోయింది. తొందరగా తలుపు మూసినా, ఆమె పెదవి చివర నవ్వు ఆయన చూశాడు. ఎందుకో అర్థం కాలేదు.

ఎండ నడినెత్తికి రాకముందే కప్పు మీద చప్పుడు మొదలైంది. మేస్త్రి చెవులు రిక్కించాడు. పిల్లి కాదు, ఏ పిల్లీ ఇంత దరిద్రంగా అడుగు వెయ్యదు. వాసాలు వదిలేసి పెంకుల నడిమధ్య తొక్కుతున్నారెవరో. ఆ వెంటనే ఫట్‌మని పెంకు పగిలింది. ఆ చప్పుడు ఆయన గుండెలో పగిలినట్టయింది.

"ఎవడ్రా అది!"

"మేమే బావా!" అంది కప్పు, అచ్చం బావమరిది గొంతుతో.

"మేమే అంటే ఎవర్రా? దొంగలకైనా కాస్త పనితనం ఉంటుంది! నా ఇంటి మీద మీకేం పని?"

"లోపలికొస్తున్నాం తమ్ముడూ, కంగారుపడకు" అంది దర్జీ అక్క గొంతు. "ఒరే డ్రైవరూ, ఆ పెంకు పట్టుకుని లాగు. ఇంకా గట్టిగా లాగు!"

కర్రల మీద పెంకు రాసుకున్న కీచు చప్పుడు. మేస్త్రికి పళ్లు పులిసిపోయాయి. "లాక్కూడదు! అలా లాగితే పై వరసంతా ఊడి వస్తుంది! ముందు పై పెంకు కొంచెం ఎత్తాలి, ఎత్తి, కిందిది పక్కకి జరిపి తియ్యాలి. ఎత్తు! ఎత్తమంటే నెడతావేమిట్రా, బస్సా అది?"

"ఇలాగా?"

"అలా కాదు! రెండు చేతులతో!"

అలా తన ఇంటి కప్పు ఎలా పీకాలో, ఇంటివాడే మంచం మీంచి వరసవరసగా నేర్పాడు. ఏం చెయ్యమంటారు మరి, పీకేది ఎలాగూ పీకుతున్నారు, పెంకులైనా దక్కాలి కదా. మొదటి పెంకు తీయగానే మంచం మీద ఎండ రొట్టె ముక్కంత పడింది. తర్వాత పళ్లెమంత పడింది. ఎన్నాళ్ల తర్వాతో ఆయన మొహానికి గాలి తగిలింది. దానితో పాటు బోలెడు దుమ్ము కూడా పడి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మి తుమ్మి కళ్లు తెరిచేసరికి, నీలంగా కనపడుతున్న ఆకాశంలోంచి నాలుగు తలలు తొంగి చూస్తున్నాయి. నాలుగూ మసి కొట్టుకుపోయి, నాలుగూ పళ్లికిలిస్తూ.

"బాగున్నావా?" అన్నాడు డ్రైవరు.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నాను" అన్నాడు మేస్త్రి.

ముందు బావమరిది దిగుతానన్నాడు. వద్దురా బాబూ నీ పొట్టకి ఆ సందు చాలదు, అని ఇంటాయన మొత్తుకుంటున్నా వినకుండా కాళ్లు లోపలికి వదిలాడు. నడుం దగ్గర ఇరుక్కున్నాడు. రెండు వాసాల మధ్య కాళ్లు రెండూ గాల్లో తన్నుకుంటుంటే, కింద మేస్త్రి తలకి తగలకుండా దిండు అడ్డం పెట్టుకున్నాడు. "రొట్టెలు అమ్ముకోరా అంటే అన్నీ నువ్వే తిన్నావు కదరా!" అని తిట్టబోయి, ఆ గాల్లో తన్నుకునే చెప్పుల్ని చూసి ఫక్కున నవ్వాడు. నవ్వి చాలా రోజులైంది కాబోలు, దగ్గొచ్చింది. పైన ముగ్గురూ చంకల్లో చేతులేసి బావమరిదిని బయటికి పీకారు.

అప్పుడు దర్జీ అక్క పరదా గుడ్డలు మూడు పేటలు అల్లి కుట్టిన తాడు వదిలింది. దాన్ని పట్టుకుని బక్కచిక్కిన బొమ్మలాయన చులాగ్గా దిగి, చేతులు దులుపుకుని, "జరుగు" అన్నాడు. మేస్త్రి తెల్లబోయి జరిగాడు. బొమ్మలాయన ఆయన పక్కనే మంచం మీద వెల్లకిలా పడుకుని, జేబులోంచి కాగితం, పెన్సిలు తీసి, పైకి చూస్తూ గబగబా గీయడం మొదలుపెట్టాడు.

"ఆహా, ఇదన్నమాట! అంచుల్లో వెలుగు, మొహాలు నీడలో. నేను దీన్ని తల్లకిందులుగా అనుకున్నాను. ఒరేయ్, మీరు కదలకండి! నాలుగో మొహం ఏదిరా?"

"నాలుగోవాడివి నువ్వే కదరా, కిందపడి గీస్తున్నావు" అన్నాడు డ్రైవరు పైనుంచి.

చిన్నప్పటి బల్ల మీద లాగే ఇద్దరూ భుజం భుజం రాసుకుని పడుకున్నారు. మేస్త్రి కప్పులోని చిల్లునే చూస్తూ, పైవాళ్లకి వినపడకుండా, "భయమేస్తోందిరా" అన్నాడు.

"పడతావనా?"

"పడటానికేం, పడ్డాను, అయిపోయింది. అందరూ చూశార్రా. పడ్డ మేస్త్రిని ఇంకెవడు ఇల్లెక్కమంటాడు? లేచి నడిచాననుకో, ఆ సంగతి తేలిపోతుంది. పడుకునుంటే ఇంకా మేస్త్రినే." చెప్పేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు కూడా.

బొమ్మలాయన పెన్సిలు ఆపాడు. ఈలోపల అంతవరకూ నీలంగా ఉన్న ఆకాశం మూల నల్లబడి, లావుపాటి చుక్క ఒకటి వచ్చి కాగితం మీద పడింది. ఇంకొకటి మేస్త్రి ముక్కు మీద పడింది.

"వాన!" అని పైన ముగ్గురూ ఒక్కసారే అరిచి పెంకుల మీద పడ్డారు. అయ్యో, ఆ పని చూడాలి! డ్రైవరు కింది వరసని పై వరస మీదికి ఎక్కించాడు. బావమరిది ఉన్నవి రెండు పగలగొట్టాడు. దర్జీ అక్క ఓ పెంకుని బోర్లా పెట్టి, గుడ్డకి అంచు సవరించినట్టు చేత్తో నిమిరి, "కుదిరింది" అంది.

"కుదరలేదక్కా! తిరగేశావు! దాని మీద పడ్డ నీళ్లన్నీ లోపలికే వస్తాయి!"

"ఎటు తిప్పాలి?"

"కుడికి! నీ కుడి కాదు, నా కుడి! ఛీ, ఆగండి, ముట్టుకోకండి, ఎవరూ ముట్టుకోకండి! ఆ పెంకు ఇలా ఇవ్వు!"

ఇచ్చింది. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. అందుకుని దాన్ని తిప్పి, పై పెంకుని మునివేళ్లతో ఎత్తి, కింది నుంచే లోపలికి తోసి, అడ్డకర్ర మీద పెంకు కొక్కెం పడేదాకా నెట్టాడు. టక్‌మంది. ఆ చప్పుడంటే ఆయనకి ప్రాణం. "ఇంకోటి ఇవ్వు" అన్నాడు. ఇంకోటి అందుకుని పెట్టాడు. మూడోదాని కోసం చెయ్యి చాస్తూ కిందికి చూశాడు. మంచం మీద బొమ్మలాయన లేడు. తన రెండు పాదాలున్నాయి. పరుపు మీద నిటారుగా నిలబడి ఉన్నాడు తను. ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు.

పాచి పెంకు పాదం కింద మళ్లీ కదిలింది. పడిపోయేవాడే. ఎడమవైపు నడుం చుట్టూ ఓ చెయ్యి పడింది, బొమ్మలాయనది. కుడివైపున ఇంకో చెయ్యి పడింది. పిండి వాసన కొడుతోంది. బావమరిది. తలుపు తెరిచి ఉంది, వీధిలో వాన కనపడుతోంది.

"చేతులు దించకు బావా, ఇంకా రెండు వరసలున్నాయి" అన్నాడు బావమరిది.

"నువ్వెలా వచ్చావురా లోపలికి?"

"తాళం తీసుకుని."

"తాళంచెవి ఎక్కడిదిరా?"

"పొద్దున్నే మా అక్క ఇచ్చింది కదా."

మేస్త్రి చేతిలో పెంకు అలాగే ఆగిపోయింది. "తాళంచెవి చేతిలో పెట్టుకుని నా ఇంటి కప్పు పీకార్రా, దొంగ సచ్చినోళ్లారా?"

"తలుపు తీసి వస్తే ఏం చేస్తావు? గోడవైపు తిరిగి పడుకుంటావు" అన్నాడు బొమ్మలాయన. "ఇన్నాళ్లూ తలుపులోంచే వచ్చాం కదరా, ఏం లాభం? పడుకున్నవాడికి కనపడేది కప్పొక్కటే. అందుకని అటే వచ్చాం. ఇంకా ఎవడు ఇల్లెక్కమంటాడు అన్నావే, అదుగో, దర్జీ అక్క వానలో తడుస్తూ పిలుస్తోంది, వినపడటం లేదా?"

"పెంకు అందుకోరా తమ్ముడూ, జలుబు చేస్తోంది!" అంది దర్జీ అక్క.

మేస్త్రి అందుకున్నాడు. మళ్లీ ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఏది ముందో చూసుకునే తీరిక లేదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని నిలబడితే, చేతులు పైకెత్తి ఒక్కో పెంకే పెట్టుకుంటూ పోయాడు. పక్క తడిసింది, దిండు తడిసింది. ఆఖరి పెంకు టక్‌మని కూర్చున్నాక గదిలో చుక్క పడలేదు. సాయంత్రం భార్య వచ్చేసరికి ఆయన గోడ పట్టుకుని, గచ్చు మీద, అడుగు తర్వాత అడుగు వేస్తూ తిడుతున్నాడు. కప్పు పీకినవాళ్లని, తాళంచెవి ఇచ్చినవాళ్లని, పేరుపేరునా. ఆవిడ మంచం కింద నుంచి అద్దం తీసి గోడకి తగిలించి, అందులో ఆయన నడవడం చూస్తూ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత అందరికీ టీ పెట్టింది. ఆ టీ పెట్టినందుకు మాత్రం ఆయన ఎవర్నీ తిట్టలేదు.

నాలుగో బొమ్మ పూర్తయ్యాక గోడ ముందు పెద్ద రచ్చే జరిగింది. అందులో నలుగురు కప్పు విప్పడం లేదు. పరుపు తాళ్లతో దిగడం లేదు. పడుకున్నవాడు అదే పరుపు మీద నిలబడి, చేతులెత్తి కప్పు కప్పుతున్నాడు. ఇద్దరు నడుం పట్టుకున్నారు, ఇద్దరు పైనుంచి అందిస్తున్నారు. ఓ మూల కూర్చున్న ప్రభువు తల పైకెత్తి, చుక్క పడుతోందా లేదా అని చూస్తున్నాడు. ఇంటాయన గుమ్మంలో నిలబడి హమ్మయ్య అన్నట్టున్నాడు.

"ఇది గ్రంథంలో ఎక్కడుందండీ?" అని సంఘపెద్ద మండిపడ్డాడు. "లేచి పరుపెత్తుకుని ఇంటికి పోయాడని కదా ఉంది!"

"పోయాడండీ, కాదన్నదెవరు?" అన్నాడు మేస్త్రి. చంకలో కర్ర ఉంది గానీ దాన్ని ఎక్కువగా సంఘపెద్దకేసి చూపించడానికే వాడుతున్నాడు. "కానీ పోయేముందు కప్పు కప్పి పోయుంటాడు. తన కోసం నలుగురు అంత అల్లరి చేస్తే, లేచినవాడికి ఆ మాత్రం సిగ్గుండదా? కాళ్లు వచ్చింది మరెందుకండీ?"

పాస్టరుగారు బొమ్మ దగ్గరికెళ్లి చాలాసేపు చూసి, "ఇన్నేళ్లూ మేమెవరం నీకు జవాబు చెప్పలేకపోయాం మేస్త్రీ. నువ్వే చెప్పావు" అన్నారు. బొమ్మ ఉండిపోయింది. అదే గోడ మీద మోషే కూడా చేతులెత్తి ఉండడం వల్ల, ఇద్దరూ కలిసి ఒకే బస్సు ఆపుతున్నారని జనం ఇప్పటికీ నవ్వుకుంటారు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు ప్రార్థన కోరికలు చదివారు. గంట కొట్టే తాతకి చెవులు పూర్తిగా వినపడటం లేదట. తను కొట్టిన గంట మోగిందో లేదో తనకే తెలియడం లేదని సిగ్గుపడి, తలుపేసుకుని కూర్చున్నాడట. పిలిచినా పలకడం లేదు, తట్టినా తీయడం లేదు. "తాత కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు పాస్టరుగారు. అందరూ తలలు వంచారు. ఎప్పుడూ ఈ సమయంలో కప్పు వంక చూస్తూ పెంకులు లెక్కపెట్టే మేస్త్రి కూడా ఈసారి తల వంచాడు. పక్కనున్న భార్య అది చూసి ఆశ్చర్యపోయింది. కాసేపటికి ఆయన ఒక కన్ను తెరిచి, ముందు బల్ల మీద కూర్చున్న డ్రైవరు భుజం గోకాడు.

"ఒరేయ్, తాత ఇంటికి పెంకులా, స్లాబా?"

"రేకులు" అన్నాడు డ్రైవరు తల తిప్పకుండా.

"రేకులైతే చప్పుడెక్కువ. చెవిటాయనకి అదే మంచిది. మధ్యాహ్నం నిచ్చెన నేను తెస్తాను, బావమరిదిని మాత్రం ఎక్కనివ్వకు."

ఆవిడ ఆయన చెయ్యి గిల్లింది. "ప్రార్థనలో మాట్లాడకూడదండీ."

"మాట్లాడటం లేదే" అన్నాడు మేస్త్రి కళ్లు మళ్లీ మూసుకుంటూ. "ప్రార్థనే చేస్తున్నాను."